యలవర్తి నాయుడమ్మ

తెనాలి నుండి రేపల్లె, బాపట్లల దాకా పరచుకొన్న కృష్ణా డెల్టా మాగాణి నడుమ యలవర్రు అనే గ్రామమున్నది. నేడది బాపట్ల జిల్లాలోనిది. చర్మశాస్త్రవేత్తగా విశ్వఖ్యాతి నార్జించిన యలవర్తి నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న అక్కడ ఒక రైతు కుటుంబంలో జన్మించారు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక శాస్త్రం చదివిన ఆ యువకుడు ఎంచుకొన్నది తోళ్ల శాస్త్రం. చెప్పులూ డప్పులూ ఊరందరికీ కావాలి. వాటిని చేసేవారి వాడ మాత్రం ఊరికి ఆవల ఉండాలి. అట్టి కాలంలో అది సామాన్యమైన సాహసం కాదు.

చర్మానికి బలమిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. ప్రాణిదేహానికి అది పరంజా వంటిది. చర్మం, ఎముకలు, స్నాయుబంధనాలు దాని ఆసరాతోనే నిలుస్తాయి. సి విటమిను లోపిస్తే శరీరం దానిని సక్రమంగా నిర్మించుకోలేదు. చిగుళ్లు రక్తమోడే స్కర్వీ వ్యాధికి మూలమిదే. మూడు పేటలు పేనిన తాడు వంటి దాని ఆకృతిని 1954-55 నాటికి మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. పచ్చితోలు సుమారు 60 డిగ్రీల వేడినీటికే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలు ఆ పేటల నడుమ వంతెనలు కట్టితే మరిగే నీటిని సైతం తట్టుకొంటుంది. ఈ బంధన రహస్యమే నాయుడమ్మ పరిశోధనకు ప్రాణం. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది వచ్చిన ఆయన, చర్మకారులు తంగేడు చెక్కతో, కరక్కాయతో తరతరాలుగా చేస్తున్న పని వెనుక గల శాస్త్రాన్ని అన్వేషించారు. నిరక్షరులని లోకం తలచినవారి చేతులలో ఎంత రసాయనశాస్త్రమున్నదో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు.

మద్రాసు అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958లో ఆయన సంచాలకులైనారు. మన పచ్చితోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు చౌకగా విదేశాలకు తరలిపోయేవి. పూర్తిగా తయారైన తోలును, తోలు వస్తువులను ఎగుమతి చేస్తేనే ఆ లాభం మన పనివారికి దక్కుతుందని ఆయన పట్టుదల. 1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి మహాసంచాలకులై, కరీంనగర్ జిల్లా పల్లెల అభివృద్ధికి పరిశోధనశాలలను తోడు చేశారు. 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైనారు.

1985 జూన్ 23న కెనడా నుండి వస్తున్న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం ఐర్లండు తీరాన బాంబు ప్రేలుడుకు గురై 329 మంది మరణించారు. వారిలో నాయుడమ్మ ఒకరు. ఆయన పేరిట స్మారక పురస్కారం తెనాలిలో నెలకొన్నది.