కూల్చే ముందు చూసిన మనిషి

సిటీ ప్లానింగ్ అంటే పాత బస్తీలు కూల్చి వెడల్పు రోడ్లు వేయడమే అనుకునేవాణ్ణి. పాట్రిక్ గెడ్డెస్ గురించి చదివాక ఆ నమ్మకం పోయింది.

ఆయన 1854లో స్కాట్లాండ్‌లో పుట్టారు. చదివింది జీవశాస్త్రం. మెక్సికోలో ఉండగా కొన్నాళ్ళు చూపు పోయింది. ఆ తర్వాత మైక్రోస్కోప్ పని కష్టమై, ఆయన దృష్టి ఊళ్ళ మీదికి మళ్ళింది.

అప్పట్లో ఎడిన్‌బరా పాత నగరమంటే ఇరుకు గదులు, మురికి. పెళ్ళయ్యాక భార్య అన్నాతో అక్కడే, జేమ్స్ కోర్ట్‌లో కాపురం పెట్టారు. ఇరుగుపొరుగుతో కలిసి గోడలకు రంగులేశారు, ఖాళీ జాగాల్లో మొక్కలు పెంచారు. గాలికీ వెలుతురుకీ అడ్డమైన ఇళ్ళు మాత్రమే తీసేసి, మిగతావి బాగుచేయాలనేది ఆయన పద్ధతి.

1914లో మద్రాసు గవర్నర్ పిలిస్తే మన దేశం వచ్చారు. ఆయన ప్రదర్శన సామగ్రి ఉన్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచేసింది. అయినా మళ్ళీ పోగుచేసి 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టారు. తంజావూరు, ఇండోర్ లాంటి ఊళ్ళ సందుల్లో నడిచి నివేదికలు రాశారు. ఇల్లు కూలిస్తే పేదవాడు మాయమైపోడు, పక్క వీధిలో ఇరుక్కుంటాడని ఆయన వాదన.

1917లో భార్యనూ, యుద్ధంలో పెద్ద కొడుకునూ పోగొట్టుకున్నారు. 1932లో ఫ్రాన్స్‌లో కన్నుమూశారు.

రోడ్డు వెడల్పు కోసం గోడల మీద గీసిన ఎర్ర గీతలు చూస్తే, లోపల ఎవరున్నారని ఇప్పుడు ముందుగా అడగాలనిపిస్తోంది.