మయూరి పాదం వెనక డాక్టర్

'మయూరి' సినిమా అనగానే అందరూ సుధా చంద్రన్ పేరే చెప్తారు. నాకు మాత్రం డాక్టర్ పి.కె. సేథీ గుర్తొస్తారు. 1927లో కాశీలో పుట్టి, జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరయ్యారు. అప్పటి విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. దాంతో బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు, బురదలో దిగలేరు. మన సిక్కోలు వరిమడిలో అదేం పనికొస్తుంది చెప్పండి? అందుకే 1960ల చివర్లో, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మతో కలిసి రబ్బరు పాదం తయారుచేశారు. 1981లో మెగసెసే అవార్డు సేథీకొచ్చింది. (సగం శర్మకి రావాల్సిందని నా గొడవ.) అదే ఏడాది బస్సు ప్రమాదం తర్వాత సుధ కాలు తీసేశారు. జైపూర్ పాదంతో ఆమె మళ్ళీ నాట్యం మొదలుపెట్టారు. ఆ కథనే 1985లో రామోజీరావు నిర్మాతగా సింగీతం శ్రీనివాసరావు సినిమా తీశారు. హీరోయిన్‌గా వేరేవాళ్ళని పెట్టలేదు, ఆమే చేశారు. సేథీ 2008లో పోయారు. తెరమీద ఆ పాదం ఇంకా ఆడుతూనే ఉంది.