కాలువ గట్టున క్లఫ్ దొరగారు

వరాలా తలావ్ గట్టున నిమజ్జనం చూడవచ్చే జనానికి సువార్త చెప్పబోయే యౌవనులు క్లఫ్ దొరగారిని జ్ఞాపకం చేసుకోవాలి.

1836లో అమెరికాలో పుట్టిన జాన్ ఎవరెట్ క్లఫ్ గారు 1866లో ఒంగోలు చేరి, 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము స్థాపించారు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలు. పగలు పని, మాపటివేళ వాక్యము. అయితే కరువు పనులు సాగుతుండగా బాప్తిస్మములు ఆపేశారు. గంజికోసం వచ్చినదెవరో, క్రీస్తుకోసం వచ్చినదెవరో ఎలా తెలుస్తుంది? లెక్కలు పంపవలసిన మిషనెరీకి ఇది తేలిక కాదు సుమా!

పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినది ఆరుగురు తెలుగు బోధకులు. దొరగారు ఒక్కరికీ ఇవ్వలేదు. 1910లో అమెరికాలో ప్రభునందు నిద్రించారు.