లయ రక్తంలో పుట్టదు: లయొనెల్ హాంప్టన్ నేర్చిన వైబ్రాఫోన్

డప్పు కొట్టేవాళ్లని మెచ్చుకునేటప్పుడు చాలామంది ఒక మాట అంటుంటారు. లయ వాళ్ల రక్తంలోనే ఉందని. వినడానికి పొగడ్తే. కానీ ఆ ఒక్క మాటతో నేర్పిన పెద్దలు, బొబ్బలెక్కిన వేళ్లు, ఏళ్ల తరబడి చేసిన సాధన అన్నీ లెక్కలోంచి పోతాయి. అమెరికాలో నల్లజాతి కళాకారులు కూడా ఇదే పొగడ్త మోశారు. జాజ్‌లో వైబ్రాఫోన్‌కి చోటు సంపాదించిపెట్టిన లయొనెల్ హాంప్టన్ జీవితాన్ని మేం ఇక్కడ గుర్తు చేసుకుంటున్నది అందుకే.

హాంప్టన్ 1908 ఏప్రిల్ 20న కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పుట్టాడు. కొంతకాలం అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. బడి, బండి, హోటల్ అన్నిట్లోనూ నల్లవాళ్లని వేరుగా పెట్టే చట్టాలు నడుస్తున్న దక్షిణాది అది. ఆ రోజుల్లో ఉత్తరాదికి వలసపోయిన లక్షలాది నల్లజాతీయుల్లాగే ఆ కుటుంబమూ షికాగో చేరింది. కెనోషాలోని ఒక క్యాథలిక్ బడిలో ఓ సన్యాసిని అతనికి డ్రమ్ పాఠాలు చెప్పింది.

షికాగోలో 1905లో రాబర్ట్ అబాట్ స్థాపించిన నల్లజాతి పత్రిక షికాగో డిఫెండర్ ఉండేది. దక్షిణాది దౌర్జన్యాలని బయటపెట్టి, అక్కణ్ణుంచి కదిలి రమ్మని తన జనానికి చెప్పిన పత్రిక అది. పేపర్లు అమ్మే కుర్రాళ్ల కోసం అదే ఒక బ్యాండ్ కూడా నడిపింది. మేజర్ ఎన్. క్లార్క్ స్మిత్ శిక్షణలో ఉన్న ఆ బ్యాండ్‌లో హాంప్టన్ చేరాడు. డ్రమ్మర్ జిమ్మీ బెర్ట్రాండ్ దగ్గర జైలోఫోన్ నేర్చుకున్నాడు. అంటే ఈ చదువు ఏ పెద్ద సంగీత కళాశాలా పెట్టింది కాదు. ఒక జాతి తన పిల్లల కోసం తానే కట్టుకున్న బడి.

వైబ్రాఫోన్‌లో లోహపు పట్టీలు పియానో మెట్ల వరసలో ఉంటాయి. వాటి కింద గొట్టాలు, గొట్టాల మూతుల దగ్గర మోటారుతో తిరిగే బిళ్లలు. ఆ బిళ్లల వల్లే స్వరం అలలా ఊగుతుంది. కాలి కింది పెడల్ స్వరాన్ని సాగనిస్తుంది, లేదా తుంచేస్తుంది. ట్రంపెట్‌లా ఊపిరితో స్వరాన్ని మలిచే వీలు ఇందులో లేదు. పుల్ల ఎంత బరువుగా దిగింది, పెడల్ ఎప్పుడు లేచింది అన్న వాటితోనే పాట పలకాలి.

జాజ్‌లో ఆశువుగా వాయించడమంటే తోచినట్టు వాయించడం కాదు. పాట వెనకున్న కార్డుల వరస మనసులో తిరుగుతూ ఉండగా, దాని మీద అప్పటికప్పుడు కొత్త బాణీ అల్లాలి. హాంప్టన్ ఎలా సాధన చేశాడు? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ మీద వాయించిన వాటిని రికార్డుల్లో విని, స్వరం స్వరం జైలోఫోన్ మీదికి దించుకున్నాడు. ముందు ఇంకొకరి దారి అరిగేదాకా నడిచాడు, తర్వాత తన దారి తొక్కాడు.

ఆ సాధన 1930లో పనికొచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక డ్రమ్స్ వాయిస్తున్న హాంప్టన్‌కి స్టూడియోలో మూలన ఉన్న వైబ్రాఫోన్ కనిపించింది. అప్పటిదాకా ఆ వాద్యానికి రేడియోలో గంటల్లా మోగడమే పని. ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించగలవా అని అడిగాడు. పట్టీల అమరిక జైలోఫోన్‌దే, చేతులకి తెలిసిందే. ఆ అక్టోబర్‌లో రికార్డయిన మెమరీస్ ఆఫ్ యూలో అతని వైబ్రాఫోన్ వినబడుతుంది. జాజ్‌లో ఈ వాద్యం కథ అక్కణ్ణుంచే మొదలవుతుందని చెబుతారు.

1936లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ అతన్ని తన బృందంలోకి తీసుకున్నాడు. గుడ్‌మన్, జీన్ క్రూపా తెల్లవాళ్లు. టెడ్డీ విల్సన్, హాంప్టన్ నల్లవాళ్లు. నలుగురూ ఒకే వేదిక మీద, జనం ముందు. బేస్‌బాల్ పెద్ద లీగులో జాకీ రాబిన్‌సన్ అడుగుపెట్టడానికి ఇంకా 11 ఏళ్లుంది. 1938 జనవరి 16న వాళ్లు కార్నెగీ హాల్‌లో వాయించారు. కానీ వేదిక దిగితే వేరు హోటళ్లు, వేరు తలుపులు ఉన్న దేశమే. ఆటకి పిలిచి పంక్తికి పిలవని ఊళ్లు మనకి కొత్త కాదు.

1940లో సొంత బృందం పెట్టాడు. దాని లెక్కలూ ఒప్పందాలూ భార్య గ్లాడిస్ చూసుకుంది. డైనా వాషింగ్టన్, చార్లెస్ మింగస్, క్విన్సీ జోన్స్ లాంటివాళ్లు చిన్న వయసులో ఆ బృందంలో పనిచేశారు. వైబ్రాఫోన్ కూడా అక్కడితో ఆగలేదు. మిల్ట్ జాక్సన్ మోటారు వేగం తగ్గించి, బ్లూస్ గొంతులా పలికించాడు. గ్యారీ బర్టన్ నాలుగు పుల్లలతో వాయించాడు.

హాంప్టన్‌ని మన చట్రంలో బిగించలేం. దశాబ్దాల పాటు అతను రిపబ్లికన్ పార్టీ మనిషి. అదే మనిషి హార్లెమ్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇళ్లు కట్టించే పనికి పూనుకున్నాడు. 1987లో ఐడహో విశ్వవిద్యాలయం తన సంగీత పాఠశాలకి అతని పేరు పెట్టింది. 2002 ఆగస్టు 31న, 94 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

పేపర్లు అమ్మిన కుర్రాడి పేరు విశ్వవిద్యాలయం గోడకెక్కింది. ఆ పేరు వెనక ఒక సన్యాసిని, ఒక పత్రిక, ఒక బ్యాండ్ మాస్టారు, ఒక డ్రమ్మర్ ఉన్నారు. మన వాడల్లో లయ ఉందని ఎవరైనా మెచ్చుకుంటే సంతోషమే. ఆ లయని నేర్పింది ఎవరో, రేపు నేర్పే చోటు ఎక్కడుందో కూడా అడుగుదాం.