డిచ్‌పల్లి డాక్టరమ్మ

ఎల్లారెడ్డిలో పెరిగిన మాకు చిన్నప్పుడు క్రిస్మస్ అంటే మెదక్ చర్చే. అమ్మ తెల్లారకముందే లేపి, తలంటి, కొత్త గౌను తొడిగి బస్సెక్కించేది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ గుడిని తలెత్తి చూసీ చూసీ మెడలు నొప్పి పుట్టేవి. దేవుడికి దగ్గరగా ఉండడమంటే అంత పెద్ద గుడిలో ముందు వరసలో కూర్చోవడమేనని అనుకునేదాన్ని.

ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాదు పోతుంటే, కాస్త ముందుగా డిచ్‌పల్లి స్టేషను వస్తుంది. రైలు ఆగీ ఆగకముందే మా అమ్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఎందుకే అమ్మమ్మా అనడిగితే, ఇక్కడ పెద్దరోగం వాళ్ల దవాఖానా ఉంది, మాట్లాడకు అని కసిరేది. మేమెంతో గొప్పగా చూసొచ్చే మెదక్ చర్చి, అమ్మమ్మ ముక్కు మూసుకునే డిచ్‌పల్లి దవాఖానా, రెండూ ఒకే వెస్లియన్ మిషన్ వాళ్లు కట్టినవేనని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు. ఆ దవాఖానా వెనక ఉన్నది ఒక స్త్రీ అని అసలే తెలియదు.

ఆమె పేరు ఇసబెల్ కెర్. 1875లో స్కాట్లండులో ఒక రైతు ఇంట పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకి డిగ్రీ చదువుల తలుపులు తెరిచిందే 1892లో. ఆ తర్వాత పదకొండేళ్లకి, 1903లో ఇసబెల్ అబర్డీన్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. అదే ఏడు జార్జి కెర్‌ని పెళ్లాడింది. ఆయన ఒకప్పుడు వడ్రంగి పనివాడు. తర్వాత దైవసేవలోకి వచ్చి, దక్షిణాఫ్రికా ప్రాంతాల్లో మిషన్ పనిచేసి తిరిగొచ్చిన మనిషి. భార్యాభర్తలిద్దరూ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. కొన్నాళ్లకి నిజామాబాదులో, అంటే మన ఇందూరులో, కాపురం పెట్టారు.

డాక్టరమ్మ దగ్గరికి అన్ని రోగాల వాళ్లూ వచ్చేవారు. పురుళ్లు, జ్వరాలు, పుండ్లు దేనికైనా ఏదో ఒక మందుంది, పడుకోబెట్టడానికి ఒక మంచముంది. కుష్ఠు రోగులకి మాత్రం ఏమీ లేదు. రోగానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా, దాన్ని చంపే మందు ఇంకా చేతికి రాలేదు. వేలు మొద్దుబారిన నాటి నుంచి ఆ మనిషికి ఇల్లు లేదు, ఊరు లేదు. అందులోనూ ఆడదైతే మొగుడూ లేడు, కన్నపిల్లలూ లేరు.

ఆ వచ్చినవాళ్లని ఉత్తచేతులతో పంపించడం ఇసబెల్‌కి మనసొప్పలేదు. ఆమె ఇంత దూరం కుష్ఠు రోగుల కోసమని రాలేదు. దేవుడి పని చేద్దామని వచ్చింది. ఆ పని ఏమిటో గుమ్మం ముందు నిలబడ్డవాళ్లే చూపించారు. 1911లో నిజామాబాదులో చిన్నగా మొదలుపెట్టింది. ఒకరిని చేర్చుకుంటే పదిమంది వచ్చి వాకిట్లో కూర్చున్నారు. చోటు చాల్లేదు. అప్పుడు ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన ఉదారంగా ఇచ్చిన సాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసమే విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. ముస్లిం ప్రభువు ఏలే రాజ్యంలో, హిందువు ఇచ్చిన సొమ్ముతో, క్రైస్తవ దంపతులు నిలబెట్టిన దవాఖానా అది!

మరి మందు? మన ఆయుర్వేదంలో తువరకం అని చెప్పే చెట్టు ఉంది. దాని గింజల నూనె ఈ రోగానికి మన వైద్యులు ఎప్పటి నుంచో వాడుతున్నదే. తాగితే మాత్రం కడుపులో దేవినట్టయి వాంతి అయ్యేది. కలకత్తాలో రోజర్స్, తర్వాత మ్యూర్ అనే డాక్టర్లు ఆ జాతి నూనెల్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతుల్ని మెరుగుపరిచారు. డిచ్‌పల్లిలో ఇసబెల్ ఆ చికిత్స చేపట్టింది. చిక్కటి నూనె, నొప్పి పుట్టించే సూది, ఒకటి రెండు రోజులతో తీరేది కాదు, నెలలూ ఏళ్లూ పొడిపించుకోవాలి. మొదట్లోనే వచ్చినవాళ్లలో కొందరికి నయమయ్యేది. ముదిరి వచ్చినవాళ్ల వేళ్లు తిరిగి రావు. అది తెలిసీ ఆమె అందరినీ చేరదీసింది.

సువార్తల్లో కుష్ఠు రోగిని యేసు బాగుచేసిన కథ మనకి తెలిసిందే. చిన్నప్పుడు సండేస్కూల్లో దాన్ని అద్భుతంగానే విన్నాను. ఇసబెల్ గురించి తెలుసుకున్నాక మళ్లీ చదివితే ఒక సంగతి కనబడింది. ఆయన ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. నయం కావడం ఆ తర్వాత. నయం చేయడం డిచ్‌పల్లి డాక్టరమ్మ చేతిలో పూర్తిగా లేదు. ముట్టుకోవడం మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ఆ ఒక్కటీ ఆమె మానలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా తప్పొకటి చెప్పుకోవాలి. పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకీ వెళ్లాక ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, నా బతుక్కి అర్థమేమిటి ప్రభువా అని రోజూ మోకరించేదాన్ని. అదే రోజుల్లో మా ఇంట్లో అంట్లు తోమే ఆమె చేతి మీద రాగిరంగు మచ్చ కనబడింది. వేడి గిన్నె తగిలి బొబ్బలెక్కినా ఆమెకు తెలియలేదు. నాకు అనుమానమొచ్చింది. నేను చేసిన పనేమిటో తెలుసా? ఆమె టీ గ్లాసు విడిగా కిటికీలో పెట్టాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆమె గమనించింది, ఏమీ అనలేదు. పొద్దున ప్రార్థనకి కూర్చుంటే ఆ గ్లాసే కళ్లముందు మెదిలేది. ఐదో రోజున చెయ్యి పట్టుకుని సర్కారు దవాఖానాకి తీసుకుపోయాను. మందులు ఉచితంగా ఇచ్చారు. ఏడాది వాడింది. మచ్చ మాసింది, కాపురం నిలిచింది. నా ప్రార్థనకి జవాబు నా వంటింట్లోనే ఉందని నాకప్పుడు అర్థమైంది.

అమ్మమ్మ భయపడ్డ రోజులు కావివి. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1980లలో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. అయినా మన దేశంలో ఇప్పటికీ ఏటా లక్ష దరిదాపుల్లో కొత్త కేసులు బయటపడుతున్నాయి. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోకండి, చూపించుకోండి. హిందూ, ముస్లిం, క్రైస్తవ వివాహ చట్టాలన్నింటిలోనూ ఈ రోగం విడాకులకు ఒక కారణంగా ఉండేది. దాన్ని తీసేసింది 2019లో! చట్టంలోంచి పోయింది సరే, మన మనసుల్లోంచి పోవాలి కదా.

ఇసబెల్‌కి 1923లో అప్పటి ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో, అరవై కూడా నిండకుండానే, డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా కన్నుమూసింది. జార్జి ఆ తర్వాత కూడా 1938 దాకా అక్కడే ఉండి ఆమె పని కొనసాగించాడు.

ఇప్పటికీ క్రిస్మస్‌కి మెదక్ పోతాం, నా పిల్లలూ తలెత్తి చూస్తారు. కాకపోతే నిజామాబాదు పోయేటప్పుడు డిచ్‌పల్లి రాగానే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, అమ్మమ్మ నాకు చెప్పని కథ వాళ్లకి చెబుతున్నాను.