పావులూరి మల్లన

విద్యార్థులారా! గణితమనఁగనే వెనుకంజ వేయువారు మీలో కొందఱు గలరు. శాస్త్రమునకు మన తెలుఁగు చాలదని తలంచువారును గలరు. ఆ తలంపు తప్పని శతాబ్దముల క్రిందటనే చూపిన మహనీయుఁడు పావులూరి మల్లన.

ఈయన యింటిపేరు నేఁటి బాపట్ల జిల్లాలోని పావులూరు గ్రామమునుండి వచ్చినది. 1022 మొదలు 1061 వఱకు వేంగిదేశము నేలిన రాజరాజనరేంద్రుఁడు ఈ వంశమువారికి పిఠాపురము చెంతనున్న నవఖండవాడను అగ్రహారముగా నొసఁగెను. ఆ రాజు కొలువుననే నన్నయ భారతమును తెనిఁగింప నారంభించెను. నన్నయ కావ్యమునకు వేసిన బాటను మల్లన శాస్త్రమునకు వేసెను.

9వ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుఁడను జైన పండితుఁడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మన సదాశివనగర్ సీమయు నాఁడు రాష్ట్రకూటుల యేలుబడిలోనిదే. 12345679ను 9చే గుణించిన 111111111 వచ్చుట వంటి ముచ్చటైన లెక్కలు ఆ గ్రంథమునఁ గలవు. మల్లన దానిని తెలుఁగు పద్యములుగా మార్చెను. మాటకు మాట పెట్టి ఊరకుండలేదు. జైనమత సంబంధమైన ఉదాహరణములకు బదులు శైవ సంబంధమైనవి చేర్చెను. తెలుఁగునాట వాడుకలోనున్న తూనికలను, నాణెములను లెక్కలలోనికి దెచ్చెను.

అందొక పద్యము మిక్కిలి ప్రసిద్ధము. చదరంగపు బల్లపై 64 గదులు. మొదటి గదిలో ఒక గింజ, రెండవదానిలో 2, మూఁడవదానిలో 4, ఇట్లు రెట్టింపు చేయుచుఁ బోయిన మొత్తమెంత? 18446744073709551615. మన పొలములలోని వడ్లతో లెక్కించి చూడుఁడు. కిలోకు 40000 గింజలనుకొన్నను, నేఁడు ప్రపంచమంతట ఏటేట పండు ధాన్యము ఐదువందల యేండ్లు కూడఁబెట్టినను చాలదు!

ఇరువది అంకెల యీ సంఖ్యను మల్లన మాటలలో నిమిడ్చెను. చంద్రుఁ డొక్కఁడే గావున చంద్రుఁడనిన 1, వేదములు 4, ఆకాశము 0, మన్మథుని బాణములు 5. ఆ మాటలు సూచించు అంకెలను కుడినుండి యెడమకుఁ బేర్చవలెను. తాటాకుపై అంకె చెడిన పట్టిచ్చువారు లేరు. పద్యములో మాట చెడిన గణము తప్పి చెవికే తెలియును. అందువలననే నేఁడు విప్పి చూచినను ఒక్క అంకెయుఁ దప్పదు.

ఈ సంఖ్య గుణములును వింతయైనవి. ఇది 3, 5, 17 లచే నిశ్శేషముగా భాగింపఁబడును. ఇది 4294967295, 4294967297 అను రెండు సంఖ్యల లబ్ధము. రెండవది ప్రధాన సంఖ్యయని ఫ్రాన్సు దేశీయుఁడగు ఫెర్మా తలంచెను. అది 641చే భాగింపఁబడునని 1732లో ఆయిలరు కనుగొని ఆ తలంపును త్రోసిపుచ్చెను. గొప్పవాఁడు చెప్పినను లెక్క చేసి చూడక నమ్మరాదని దీనివలన మనకుఁ దెలియుచున్నది.

బాలబాలికలారా! మల్లనకు యంత్రములు లేవు, ఓర్పు గలదు. మీరును నేఁటి రాత్రి కాగితము, పెన్సిలు తీసికొని ఒకటి మొదలుకొని అఱువదినాలుగు గదులకు రెట్టించి కూడి చూడుఁడు. నడుమ ఒక్క అంకె తప్పిన కడ వఱకు తప్పే. మొత్తము సరిపోయిన నాఁడు గణితమనిన భయము మీకుండదు. తెలుఁగు శాస్త్రమునకుఁ జాలదను మాటయు మీ నోట రాదు.