పాఠశాలల ఇన్‌స్పెక్టరు మాథ్యూ ఆర్నాల్డు

ఇంగ్లీషు సాహిత్యములో ఎం.ఏ. చదువు విద్యార్థులకు మాథ్యూ ఆర్నాల్డు పేరు సుపరిచితము. వారికి ఆయన కవి, విమర్శకుడు. ఉపాధ్యాయ శిక్షణము పొందువారు ఆ పేరు వినుట అరుదు. కాని ఆ కవి భుక్తికొఱకు 35 సంవత్సరములు చేసిన పని బడులను తనిఖీ చేయుట, కాబోవు ఉపాధ్యాయులను పరీక్షించుట. నేడు విశ్వవిద్యాలయములలో వేరువేరు భవనములలో నడచుచున్న ఈ రెండు చదువులును ఆయన జీవితమున ఒక్కటిగా కలిసియుండెను. పంతులుగారికి మంచి పుస్తకములతో పరిచయము లేనిచో పిల్లలకు చదువు అబ్బదని ఆయన జీవితమంతయు చెప్పుచు వచ్చెను. గ్రంథాలయ సంచికలో ఆయన చరిత్రకు చోటు తగియున్నదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆర్నాల్డు 1822 డిసెంబరు 24వ తేదీన థేమ్సు నదీతీరమునందలి లేలహాము గ్రామములో జన్మించెను. తండ్రి థామస్ ఆర్నాల్డు 1828లో రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, దానిని దేశమున మేటి పాఠశాలలలో ఒకటిగా తీర్చిన ప్రసిద్ధుడు. అంతటివాని కుమారుడు చదువులో గట్టివాడై యుండునని అందఱును తలచిరి. ఆయనయో ఆక్స్‌ఫర్డులో సొగసైన దుస్తులు ధరించి, చేపలు పట్టుచు, హాస్యోక్తులతో కాలము గడిపి, 1844లో రెండవ తరగతిలో మాత్రమే ఉత్తీర్ణుడయ్యెను. అయినను ప్రతిభ దాగలేదు. మరుసటి సంవత్సరమే ఓరియల్ కళాశాలలో ఫెలో పదవి లభించెను. 1847లో లాన్స్‌డౌన్ ప్రభువు ఆయనను తన ఆంతరంగిక కార్యదర్శిగా నియమించుకొనెను. 1849లో తొలి కవితాసంపుటి వెలువడెను.

ఆయన ఉద్యోగములో చేరుటకు కారణము విద్యాభిమానము కాదు, వివాహము. ఒక న్యాయమూర్తి కుమార్తెయైన ఫ్రాన్సిస్ లూసీ వైట్‌మన్‌ను ఆయన వరించెను. స్థిరమైన రాబడి లేనివానికి పిల్లనిచ్చుటకు ఏ తండ్రి ఒప్పుకొనును? 1851 ఏప్రిలులో లాన్స్‌డౌన్ ప్రభువు దయవలన పాఠశాలల ఇన్‌స్పెక్టరు పదవి లభించెను. జూనులో పెండ్లి జరిగెను. చర్చి ఆఫ్ ఇంగ్లండునకు చెందని ప్రొటెస్టంటు సంఘములు నడపు బడులు ఆయన వంతునకు వచ్చెను. అవి దేశమున చెదరియుండుటచే తొలి సంవత్సరములలో కాలమంతయు రైళ్ళలోను, సత్రములలోను గడచిపోయెను. ఈ పని తనకు ప్రియము కాదని ఆయన దాచుకొనలేదు.

ఆ బడులలో పాఠములు చెప్పువారెవరో తెలిసికొనిన గాని ఆయన బాధ మనకు బోధపడదు. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మద్రాసు ఎగుమూరు అనాథ బాలుర శరణాలయమునకు అధిపతిగా ఉన్న కాలమున, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుచు అక్షరములు నేర్చుకొనుట చూచెను. ఆ పద్ధతిని, పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించు పద్ధతిని తన శరణాలయమున అమలుపఱచి, 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. లండను బరో రోడ్డులో లాంకాస్టరు అను నాతడును ఇట్టి పద్ధతితోనే పెద్ద బడి నడపెను. మన వీధిబడులలో పెద్దవాడు చిన్నవానికి గుణింతము దిద్దించుట ఎఱిగినవారికి ఇది వింతగా తోచదు. 1846లో ఆంగ్ల ప్రభుత్వము దీనిని సంస్కరించి, 13 ఏండ్ల బాలబాలికలను 5 సంవత్సరములు బడిలోనే అప్రెంటిసులుగా ఉంచి, పగలు పిల్లలకు పాఠములు చెప్పునట్లును, బడివేళలు కానప్పుడు పంతులువద్ద తాము చదువుకొనునట్లును ఏర్పాటు చేసెను. వీరికి సంవత్సరమునకు 10 మొదలు 20 పౌనుల వఱకు జీతము. పిమ్మట పరీక్షలో నెగ్గినవారు శిక్షణ కళాశాలలలో చేరుదురు. వీరిలో పలువురు పేదవారి బిడ్డలు.

ఈ బాలోపాధ్యాయులను పరీక్షించిన ఆర్నాల్డు 1852 నివేదికలోనే ఒక లోపమును ఎత్తి చూపెను. వారికి నదుల పేర్లు, రాజుల తేదీలు, వ్యాకరణ సూత్రములు ఎన్నో వచ్చును. కాని ఆ సమాచారమునకు తగిన మనఃపరిపాకము వారిలో లేదు. దీనికి ఆయన చెప్పిన మందు సులభమైనది. ఉత్తమ రచయితల గ్రంథములనుండి కొన్ని భాగములు శ్రద్ధగా చదివింపవలెను, కంఠస్థము చేయింపవలెను, సొంతమాటలలో వ్రాయింపవలెను. పాఠ్యపుస్తకములలో చేరిన పసలేని పద్యములను ఆయన తీవ్రముగా నిరసించెను.

సొంతమాటలలో వ్రాయుటను గూర్చి ఆయన 1882 నాటి ఉపన్యాసమొకదానిలో ఒక కథ చెప్పెను. షేక్స్పియరు నాటకములో మాక్‌బెత్ తన భార్య మనోవ్యాధిని చూచి, మనసుకు పట్టిన రోగమును కుదుర్చలేవా యని వైద్యుని దీనముగా అడుగును. శిక్షణ కళాశాల విద్యార్థి యొకడు దీనిని సొంతమాటలలోనికి మార్చుచు, ఆ పిచ్చిదానికి ఉపచారము చేయలేవా యని వ్రాసెనట! మాటల అర్థము కొంతవఱకు తప్పు కాదు, హృదయము మాత్రము మాయమైనది. రెంటిలో ఒకటే కోరుకొనవలసివచ్చినచో, చంద్రుని వ్యాసము తెలియకున్నను ఈ వాక్యము బాగులేదని గ్రహింపగల విద్యార్థియే తనకు ఇష్టుడని ఆర్నాల్డు తేల్చెను. సైన్సు పక్షమువారు దీనిని ఒప్పుకొనకపోవచ్చును. కాని ఆ విద్యార్థి రేపు పంతులై నలువదిమంది పిల్లలకు పద్యము చెప్పవలసినవాడని మఱువరాదు.

ఆయన జీవితమున గొప్ప పరీక్ష 1862లో వచ్చెను. విద్యాశాఖను నడపుచున్న రాబర్టు లో అను రాజకీయవేత్త ఖర్చు తగ్గింపదలచి కొత్త కోడును తెచ్చెను. ఇకమీద బడికి గ్రాంటు పిల్లల పరీక్షాఫలితమును బట్టియే. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు ప్రతి పిల్లవానిని చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో పరీక్షించును. ఒక్కొక్కదానిలో నెగ్గినచో 2 షిల్లింగుల 8 పెన్నీలు. తప్పినచో అంతయు పోవును. పంతుళ్ళకును, బాలోపాధ్యాయులకును సర్కారు నేరుగా ఇచ్చుచున్న సొమ్ము రద్దయ్యెను. పంతులు తన జీతమునకై బడి యాజమాన్యముతో బేరమాడుకొనవలసినదే.

ఆర్నాల్డు అప్పటికి ఐదుగురు బిడ్డల తండ్రి. లో ఆయనకు పై అధికారి. అయినను ఆ మార్చినెలలో ఫ్రేజర్స్ పత్రికలో పేరు పెట్టక ఆ కోడును ఖండించుచు వ్యాసము ప్రకటించెను. వ్రాసినది ఎవరో శాఖలో తెలియకపోలేదు. ఉద్యోగము పోవచ్చునని తెలిసియు, పోయినను ఎట్లో నిలదొక్కుకొందుమని తల్లికి జాబు వ్రాసెను. ఆయన వాదము ఇది: చక్కగా చదువుట యనునది ఇంటిలోను బడిలోను లభించు సంస్కారమునుండి పుట్టును. కలవారి బిడ్డకు అది ఇంటిలోనే దొరకును. కూలివాని బిడ్డకు బడి తప్ప వేఱు దిక్కులేదు. ఆ బడిని పరీక్షల యంత్రముగ మార్చినచో నష్టపడునది పేదపిల్లవాడే.

ఎల్లెడల చెలరేగిన విమర్శల వలన కోడు కొంత మెత్తబడి, హాజరునకు తలకు 4 షిల్లింగులు చేర్చబడెను. మూలము మాత్రము మాఱలేదు. ఉద్యోగము నిలిచినది గాని, తాను ఖండించిన కోడునే అమలుపఱచు పని ఆయన నెత్తినపడెను. 1867 నివేదికలో ఆయన, పిల్లలు నిజముగా చదువను వ్రాయను రాకయే యుక్తితో పరీక్ష గట్టెక్కుచున్నారని సర్కారునకే తెలియజేసెను. ఈ పద్ధతి సముద్రము దాటి మన మద్రాసు రాజధానికిని వచ్చెను. 1860ల దశకము మొదలుకొని ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలకు ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చుచుండిరి. మన జిల్లాల పంతుళ్ళు ఇన్‌స్పెక్టరు రాకకు గడగడలాడిన కథలకు మూలము ఇక్కడనే ఉన్నది. 1904లో భారత ప్రభుత్వము తన విద్యావిధాన తీర్మానమున ఈ పద్ధతిని నిరాకరించెను. ఇంగ్లండులో అది 1890ల దశకములో అంతరించెను. ఆర్నాల్డు అది చూడలేదు.

బడుల పని నడచుచుండగనే 1857లో ఆయన ఆక్స్‌ఫర్డులో కవితాచార్యుడుగ ఎన్నికై, 10 సంవత్సరములు ఆ పదవిలో ఉండెను. సంవత్సరమునకు కొలది ఉపన్యాసములే. అంతవఱకు లాటినులో చెప్పుచున్న వానిని ఆయన తొలిసారి ఇంగ్లీషులో చెప్పెను. మద్రాసు విశ్వవిద్యాలయము పుట్టినదియు ఆ సంవత్సరమే. చిత్రమేమనగా, మన కళాశాలలలో ఇంగ్లీషు సాహిత్యము పరీక్షాంశమైన ఎన్నో ఏండ్లకు, 1894లో గాని ఆక్స్‌ఫర్డులో అది పట్టపరీక్షాశాఖ కాలేదు. ఉపాధ్యాయ శిక్షణమును అక్కడి విశ్వవిద్యాలయములు చేపట్టుటయు 1890 తరువాతనే. ఆ మార్పునకు దారి తీసిన క్రాసు కమిషను ఎదుట 1886లో ఆర్నాల్డు సాక్ష్యమిచ్చెను.

ఈ శ్రమలో కవిత్వము ఎండిపోయెను. ఆయన మంచి పద్యములలో పెక్కు తొలి రోజులవే. తండ్రి తెలియక కొడుకును చంపుకొను ఫిరదౌసి కథను ఆయన 1853లో కావ్యముగ వ్రాసెను. తరువాత 1868, 1872 సంవత్సరములలో తానే ముగ్గురు కుమారులను పోగొట్టుకొనెను. తమ్ముడు విలియము పంజాబులో విద్యాశాఖ డైరెక్టరుగ పనిచేసి, 1859లో స్వదేశమునకు మరలుచు జిబ్రాల్టరులో మరణించెను.

1886 ఏప్రిలులో ఆర్నాల్డు ఉద్యోగమునుండి విరమించెను. విశ్రాంతి రెండేండ్లు మాత్రమే దక్కెను. 1888 ఏప్రిలు 15వ తేదీన, అమెరికానుండి ఓడలో వచ్చుచున్న కూతురును ఎదుర్కొనుటకు లివర్‌పూలు వెళ్ళి, అక్కడ ట్రాము అందుకొనవలెనని పరుగెత్తుచు గుండె ఆగి మరణించెను. ఆయనను లేలహాములో కుమారుల సమాధుల చెంతనే ఖననము చేసిరి.